మొన్నటి కాపీ

తొంభైతొమ్మిదిలో కాటేదాన్‌లోని ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. రికార్డులన్నీ కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో ఉండేవి. దాన్ని మొత్తంగా కాపీ తీసి దాచుకుంటే, చెడినప్పుడు కాపీ తీసిన నాటి స్థితికి తెచ్చుకోవచ్చు. ఆలోచన నాదే. అప్పటికింకా గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

డిసెంబరులో, తనిఖీవాళ్లు వచ్చే రోజు పొద్దున్నే ఆ ఉత్తుత్తి కంప్యూటర్ తెరుచుకోవడం మానేసింది. కాపీలు తీసేది శంషాబాద్ నుంచి వచ్చే ఆపరేటర్ అక్క.

"మన కాపీ ఎప్పటిదక్కా?"

"మొన్నటిదే అన్నా."

రెండు రోజుల పనే కదా, కాగితాల మీద రాసినవి చూసి మధ్యాహ్నంలోపు మళ్లీ టైపు చేసేయొచ్చు. డిస్కులో చోటు లేక, చెడినదాన్ని చెరిపేసి కాపీ పెట్టాను. చక్కగా తెరుచుకుంది. అందులో చివరి రికార్డు సెప్టెంబరుది.

"మొన్న అన్నారు కదండీ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మొన్ననే గదన్నా! మొన్న బతుకమ్మకు ముంగట తీసిన. గంత పరేషాన్ ఎందుకైతున్నవ్?"

మా గుంటూరులో మొన్న అంటే నిన్నటికి ముందు రోజు. ఇక్కడి మొన్న కాస్త విశాలమైనది.

"ఇగ కూసో అన్నా. కాయితాలు నువ్వు సదువు, నేను కొడత."

చదివాను. అక్టోబరు ఇంకా దాటనే లేదు, గేటు దగ్గర తనిఖీవాళ్ల జీపు ఆగింది.