ఆకుల చాట అడిగింది ఎవరు

ఆ కామెడీ పిల్లవాడిని తయారుచేసింది నేనే. మాట ఎక్కడ ఆపాలి, ఎక్కడ కన్నుకొట్టాలి, ఏడాదిపాటు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. మా వాడలో అందరికీ ఇలాగే చెప్పుకున్నాను. నిజానికి వాడు నా పక్కన కూర్చున్నది ఒక్కసారే, భవాని పేట్‌లో చాయ్ బండి దగ్గర. ఆ చాయ్ కూడా వాడే తాగించాడు.

వాడు ఈ మరాఠీ ఊళ్ళోనే, హోట్గి రోడ్ వైపు కాలనీలో పెరిగిన తెలుగు పిల్లవాడే. సగం తెలుగు, సగం మరాఠీ కలిపి ఫోన్లో వీడియోలు పెడతాడు. ఎవరినీ వదలడు. వాడిని తిట్టేవాళ్ళు మా దగ్గర చాలామంది. తిడుతూనే చివరిదాకా చూస్తారు.

ఆ రోజు చాయ్ తాగుతూ, "తాతా, పాతకాలం ముచ్చట ఏదన్న చెప్పరాదు" అన్నాడు. నా పెళ్ళిచూపుల సంగతి చెప్పాను. మా నేతవాళ్ళలో మగ్గం ఒక నెల ఆడితే ఒక నెల ఆగేది. ఆడవాళ్ళు చుట్టే బీడీలు మాత్రం ఏనాడూ ఆగేవి కావు. అందుకని పిల్లను చూడబోయినప్పుడు బీడీలు చుట్టడం వచ్చా అని అడగటం మామూలే. మా అమ్మ బీడీ ఆకుల చాట తెప్పించి, పిల్ల ఒళ్ళో పెట్టి, చుట్టి చూపించమందని చెప్పాను.

వాడు దానికి తోక తగిలించాడు. వీడియోలో అత్త ఆ బీడీ ముట్టించి, గట్టిగా ఒక దమ్ము గుంజి, పొగ వదిలి, "నడువు బిడ్డా, పంతులును పిలువు, ముహూర్తం పెట్టియ్యి!" అంటుంది. మా వాడ అంతా పడిపడి నవ్వింది. మా వరసలో ఆడవాళ్ళు తంబాకు డబ్బాకు ఫోన్ ఆనించుకుని, బీడీలు చుడుతూ రెండుసార్లు, మూడుసార్లు చూశారు. మా ఇంటావిడ నవ్విందో లేదో నేను గమనించలేదు. నా ముచ్చట ఊరంతా తిరుగుతోందన్న సంబరంలో ఉన్నాను.

గణపతి పండుగ వచ్చింది. మూడు వాడలు కలిసి వేసే పెద్ద స్టేజీ మీద ఈసారి వాడి ప్రోగ్రాం పెట్టాలని కమిటీవాళ్ళు అనుకున్నారు. నేను ఒక్క ఫోన్ చేస్తే చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తుకొస్తాడన్నాను. నా దగ్గర వాడి నంబరు లేదు. వాళ్ళే ఎక్కడో సంపాదించి పిలుచుకున్నారు.

చౌరస్తాలో బ్యానర్ కట్టారు. గణపతి బొమ్మ ఎంత ఉందో వాడి మొహం అంత ఉంది. సాయంత్రానికి వాడ భగ్గుమంది. బీడీలు చుట్టే ఆడవాళ్ళను ఎగతాళి చేసినవాడికి మన స్టేజీ ఎట్లా ఇస్తారని ఆడవాళ్ళంతా ఒకటయ్యారు. ప్రోగ్రాం ఆపకపోతే చాటలతో స్టేజీ ఎక్కి, వాడి ముందే కూర్చుని బీడీలు చుడతామన్నారు.

పక్కింటామెను అడిగాను.

"మొన్ననే గద చెల్లె, కండ్లల్ల నీళ్ళొచ్చేటట్టు నవ్వినవ్?"

"మా గడపల మేం నవ్వుకున్నం అన్నా. రేపు లీడర్లు కుర్చీలల్ల కూసోని నవ్వుతరు. నా చెయ్యి బీడీలు చుట్టవట్టి ముప్పై ఏండ్లాయె. ఒక్కనాడన్న మమ్ముల స్టేజీ ఎక్కిచ్చిండ్రా? ఎక్కిరిచ్చినోన్ని మాత్రం హారమేసి ఎక్కిస్తరు!"

సగం అర్థమైనట్టే అనిపించింది. మిగతా సగం దాన్ని కూడా చెడగొట్టింది. జోకు అదే, విన్నవాళ్ళూ వాళ్ళే, బ్యానరు ఒక్కటే కొత్తది. కోపం జోకు మీదా, బ్యానరు మీదా, కుర్చీల మీదా?

ఇంటికొస్తే మా ఇంటావిడ కూడా తన చాట దులుపుతోంది.

"నీకేమైందే? ఆ జోకు నీ మీద గాదు గద. మా అమ్మ మీద."

"అందుకే పోతున్న" అంది. "అత్త అడిగిందా చాట? సచ్చి ఏ లోకంల ఉన్నదో, ఊరందరి ముందట ముసలిదానితోని బీడీ తాగిపిస్తున్నరు. ఎవరు అడిగిండ్రో నువ్వు చెప్తవా, నన్నే చెప్పుమంటవా?"

ఇక్కడ ఒప్పుకోవాలి. చాట అడిగింది మా అమ్మ కాదు, నేను. అప్పుడు మగ్గాల సేఠు నన్ను పనిలోంచి తీసేసి వారమైంది. ఆ సంగతి పిల్ల తరఫువాళ్ళకు తెలియదు. పెళ్ళయ్యాక ఇల్లెట్లా గడుస్తుందన్న భయంతో పిల్ల తండ్రిని నేనే అడిగాను. చాట వచ్చింది. పిల్ల కంగారులో తంబాకు చీర మీద ఒలకబోసుకుంది. మా అమ్మ లేచి, ఆ చాట తన ఒళ్ళోకి తీసుకుని, "ఇయ్యాల నీకెందుకు బిడ్డా ఇది" అని, సగం చుట్టిన బీడీ తనే పూర్తిచేసింది. అమ్మ పోయాక నా ప్రశ్నను ఆమె నోట్లో పెట్టాను. అట్లా చెబితే జనం బాగా నవ్వేవారు, నా మీద మచ్చ కూడా ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం సగం అలంకరించిన మండపంలో మీటింగు పెట్టారు. కమిటీవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాటలతో కింద. ఆ పిల్లవాడూ వచ్చి కిందే కూర్చున్నాడు. క్షమాపణ చెప్పమన్నారు.

"చెప్త అమ్మా, తప్పయింది. గని ముచ్చట నేను పుట్టియ్యలె. ఈ తాతనే చెప్పిండు."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. లేచాను. అబద్ధాలకైతే నా నోరు తడుముకోదు. ఆ రోజు తడుముకుంది. చాట అడిగింది మా అమ్మ కాదని, నేనేనని చెప్పాను.

అందరూ నవ్వారు.

"ఇగో, మళ్ళ మొదలువెట్టిండు!" అన్నాడు కమిటీ పెద్ద. "నిన్నటిదాక అమ్మ అంటివి, ఇయ్యాల నువ్వంటున్నవ్. రేపు బీడీలు కూడ నేనే చుట్టిన్నంటవ్."

ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. అప్పుడు మా ఇంటావిడ లేచింది. "ఇది నిజమే. నేనున్న గద ఆడ."

నవ్వు ఆగిపోయింది. పిల్లవాడు మెల్లగా అడిగాడు. "మరి ఏం జెయ్యమంటవ్ అమ్మా? ఈ ముచ్చట ఇడిసిపెట్టాల్నా?"

"ఎందుకు ఇడుస్తవ్? చెప్పు. అడిగినోన్ని చెప్పు. నా ఒళ్ళకెల్లి చాట తీసుకున్నామెను గూడ చెప్పు."

"మేం మాత్రం చాటలతోని స్టేజీ ఎక్కుడు ఎక్కుడే" అంది పక్కింటామె.

కమిటీవాళ్ళు మొహాలు చూసుకుని, సరే, ఎక్కి కూర్చోండి అన్నారు.

అట్లా ఆ సాయంత్రం వాడు మైకు పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. రెండు పక్కలా ఆడవాళ్ళు చాటలు పెట్టుకుని చుడుతున్నారు. ఎదిరించడానికి ఎక్కారో, హారం లేకుండా సన్మానం చేయించుకోవడానికి ఎక్కారో చూసేవాళ్ళకు తెలిసే వీలు లేదు. నేను కింద మూడో వరసలో ఉన్నాను. పని పోయిన పెళ్ళికొడుకు వణుకుతున్న గొంతుతో "పిల్లకు బీడీలొస్తయా?" అని అడిగినట్టు వాడు నటించాడు. జనం విరగబడి నవ్వారు. పక్కవాడు నవ్వుతూ నా తొడ మీద చరిచాడు. మా అమ్మ చాట తీసుకున్న చోట వాడు ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

నేను నవ్వాలో వద్దో మా ఇంటావిడ మొహం చూసి తేల్చుకుందామని మెడ చాచి స్టేజీ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఎందుకు కదులుతున్నాయో మూడో వరస నుంచి నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక అడగనూ లేదు.