మంచు చూడని స్కీ మేస్త్రీ

పోయిన మంగళవారం పొద్దున్న కొట్టు షట్టరు ఇంకా సగమే ఎత్తాను, లోపల ఫోను మోగింది. వంగి దూరి ఎత్తితే అవతల తాళ్ళరేవు నుంచి పిన్ని. "మీ బాబాయ్ పోయారు బాబూ" అంది. ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద నడుం వాల్చారట. నాలుగింటికి టీ పట్టుకెళ్తే లేవలేదట. టీ చల్లారిపోయిందని కూడా చెప్పింది, అదేదో తన తప్పయినట్టు. నేను ఊఁ కొడుతున్నాను. చివర్లో, "ఆయన పెట్లో ముడులేసిన తాడొకటుంది. నువ్వు తెచ్చిచ్చిందంట కదా, ఏం చెయ్యమంటావు?" అంది. అంతలో లైను తెగిపోయింది.

తాడు సంగతికి వస్తాను. ముందు మనిషి సంగతి.

బాబాయ్ నాకు చుట్టం కాదు. మనామాలో గుదైబియా పేటలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరికీ ఆయన బాబాయే. ఈ ఎడారి ద్వీపంలో ఆయనకొక స్థానం ఉండేది, గంభీరంగానే చెప్తున్నాను. నిటారుగా దిగే మంచుకొండ మీద, అదీ అడుగడుగునా దిబ్బలు లేచిన చోట, ఏ మనిషికి ఏ స్కీలు పనికొస్తాయో ఆయన చెప్పినట్టు చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ ఇంకొకరు లేరు. ఆయన జన్మలో చూసిన మంచు మాత్రం మా గది ఫ్రిజ్ పైఅరలో పేరుకునేది. దాన్ని కూడా ప్రతి శుక్రవారం గరిటె కాడతో గీకి పారేసేవారు.

మనామాలో మాది ఆటసామాన్ల కొట్టు. ముందువైపు ఫుట్‌బాళ్ళు, క్రికెట్ బ్యాట్లు, ఈత కళ్ళజోళ్ళు. వెనక మూల స్కీలు, అంటే మంచు మీద జారడానికి బూట్లకి బిగించుకునే పొడుగాటి పలకలు. తారురోడ్డు మెత్తబడే ఊళ్ళో ఇవెవరు కొంటారని మీరడగచ్చు. చలికాలం సెలవలకి స్విట్జర్లాండుకీ లెబనాన్‌కీ వెళ్ళే బ్యాంకు దొరలు, విమానాల్లో పనిచేసేవాళ్ళు, ఇక్కడి పెద్దింటి కుర్రాళ్ళు కొంటారు. నేను కాకినాడలో బీకాం ముగించి సేల్స్‌మన్ వీసా మీద దిగిన రోజు ఆ పలకలు చూసి కిటికీలకి బిగించేవనుకుని, ఏ సైజు కిటికీకని కూడా అడిగాను. కొట్టులో నా పరువు అక్కణ్ణించి మొదలైంది.

బాబాయ్ అసలు పడవలు కట్టే వడ్రంగి. హిద్‌లో చెక్కపడవలు బాగుచేసే చోట పదేళ్ళు చేశారు. మాకు వీసా ఇచ్చిన కొట్టు యజమాని, మా కఫీల్ పడవకి ఒకసారి పలక మారిస్తే, మార్చిన పలక ఏదో కఫీల్ పోల్చుకోలేకపోయారట. అందుకని ఆయన్ని కొట్టుకి తెచ్చుకుని, ముందు విరిగిన బ్యాట్లు, తర్వాత స్కీలు అప్పజెప్పారు. ఇనప అంచులకి ఆకురాయి పెట్టడం, అడుగున మైనం కరిగించి ఇస్త్రీపెట్టెతో రాయడం, అంతా ఒక్క చలికాలంలో పట్టేశారు. శుక్రవారాలు మా చొక్కాలు కూడా ఆ ఇస్త్రీపెట్టెతోనే తోమేవాళ్ళం కాబట్టి మా గదివాళ్ళ మీద నీటిచుక్క నిలిచేది కాదు.

కొనేవాళ్ళొస్తే ఆయన పలకల వంక చూసేవారు కాదు, మనిషి మోకాళ్ళ వంక చూసేవారు. "అడగరా, యంత్రంతో నున్నగా దువ్విన వాలు మీద జారతాడా, దిబ్బల మీద జారతాడా?" అనేవారు. నేను ఇంగ్లీషులో అడిగి తెలుగులో చెప్పేవాణ్ణి. నిటారు వాలు మీద జనమంతా ఒకేచోట మలుపు తిరిగి తిరిగి మంచు దిబ్బలుగా లేస్తుందట. ఒకటి దిగేలోపే ఇంకోటి ఎదురొస్తుందట. అలాంటి చోటికని చెప్తే బాబాయ్ ఒక పలక తీసి, వెనక కొస నేలకానించి, ముందు కొస ఎడంచేత్తో పట్టుకుని, నడుం దగ్గర కుడి అరచేత్తో నొక్కేవారు. కళ్ళు మూసుకుని, జ్వరం చూసినట్టు. "వంగాలి, లొంగిపోకూడదు" అనేవారు. ఎక్కువ వంగితే పక్కన పెట్టేవారు. అసలు వంగనిదాన్ని ఇంకా దూరంగా పెట్టేవారు.

"చూడని మంచు గురించి మీకెలా తెలుసు బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"మంచంటే ఏంట్రా, గడ్డకట్టిన నీళ్ళేగా. గోదారి సముద్రంలో కలిసే కాడ పడవెక్కావా ఎప్పుడన్నా?"

"లేదు."

"కాకినాడోడివి, అదీ లేదు. బీకామోడివి మరి. అక్కడ అల ఎనక అల లేత్తాది. పడవ పొడుగై, బిర్రుగా ఉందనుకో, ముందు కొస ఓ అల మీద, ఎనక కొస ఇంకో అల మీద, నడుం గాల్లో. పటుక్కుమంటాది. కాత్త పొట్టిదై, వంగేదైతే ఒక్కో అలకీ దణ్ణమెట్టుకుంటా ఎల్లిపోద్ది. మనిషి మోకాలూ అంతే. దాన్ని మించిన స్ప్రింగు ఏ కంపినీ చెయ్యలేదు."

అది ఒట్టి మాట కాదని చూపించడానికి గోడౌన్లో ఫుట్‌బాళ్ళ సంచులు వరసగా పేర్చి, పైన పాత కార్పెట్ పరిచారు. కొనడానికొచ్చిన ప్రతి దొరనీ దాని మీద నడిపించేవారు. టై కట్టుకున్న మేనేజరు ముందు మైనం మరకల చొక్కాతో నిలబడి, "సార్, నీ, నీ" అంటూ తన మోకాళ్ళు వంచి చూపించేవారు. ఆయనకొచ్చిన ఇంగ్లీషులో సగం అదే. దొరలు బుద్ధిగా వంచేవారు. నేను తలుపు చాటున నిలబడి నవ్వు ఆపుకునేవాణ్ణి. ఈ మధ్య నడుం సన్నగా, కొసలు వెడల్పుగా కొత్తరకం స్కీలు దిగుతున్నాయి. మొదటి జత పెట్టె విప్పినప్పుడు బాబాయ్ చాలాసేపు చూసి, "పడవకి నడుం వెడల్పు, కొసలు సన్నం. ఇది తిరగేసి పుట్టిందిరా" అన్నారు. అయినా అరచెయ్యి పెట్టి నొక్కాకే అభిప్రాయం చెప్పారు.

నొక్కి చూసిన ప్రతి జతకీ వెనక కొసన ఎర్రసుద్దతో గుర్తు పెట్టేవారు. దిబ్బలకి పనికొచ్చేదైతే అలగీత, సరిగ్గా మూడు అలలు. నున్నటి వాలుకైతే తిన్నటి గీత. పడవల షెడ్డులో పలకలకి పెట్టుకునే గుర్తులే అవి. బాబాయ్ లేనప్పుడు వాటిని చూసే నేను అమ్మేవాణ్ణి.

ఒక ఏడాది కఫీల్ ఒక మాట ఇచ్చారు. ఫిబ్రవరిలో మా కొట్టు ద్వారా పదిమంది లెబనాన్ కొండలకి వెళ్తున్నారు, వాళ్ళ స్కీలు చూసుకోవడానికి బాబాయ్‌ని వారంరోజులు తీసుకెళ్తానని. బాబాయ్ సూక్ బజారుకి వెళ్ళి ఉన్ని స్వెట్టరు, కోతిటోపీ కొనుక్కొచ్చారు. ఏసీ పెంచి, రెండూ తొడుక్కుని, "ఊపిరాడుద్దో లేదో సూసుకుంటన్నా" అని మంచం మీద అరగంట కూర్చునేవారు. మేమంతా దుప్పట్లలో దూరేవాళ్ళం. ఆయన కోరిందల్లా ఆ దిబ్బకీ దిబ్బకీ మధ్య ఎడమెంతో కళ్ళతో చూడటం. "ఇన్నేళ్ళూ అందాజుగా చెప్పేత్తన్నాను. అది సరైందో కాదో ఒక్కసారి సూత్తే చాల్రా" అన్నారు.

డిసెంబరు మొదట్లో ఒకరోజు గాలిదుమ్ము లేచి కొట్టంతా పరుచుకుంది. నేను తడిగుడ్డ తీసుకుని స్కీలన్నీ మెరిసేలా తుడిచాను. బకెట్లో నీళ్ళు ఎర్రగా ఎందుకవుతున్నాయో నాకు తట్టలేదు. తట్టేసరికి ఒక్క గుర్తు మిగల్లేదు. అప్పుడే చెప్పాల్సింది. కానీ అప్పటికే నా తప్పులు మూడయ్యాయి. నాలుగోది చేస్తే ఇంటికి పంపేస్తానని కఫీల్ ఆ వారమే అన్నారు. కేటలాగు తెరిచి, గుర్తులన్నీ మళ్ళీ నేనే గీశాను. బొమ్మలో మనిషి గాల్లోకి ఎగిరి ఉంటే ఆ జతకి అలగీత, ఎగరకపోతే తిన్నటి గీత. డిగ్రీ చదివినవాడి పద్ధతి.

ఆ వారమే బాబాయ్ అంచుకి ఆకురాయి పెడుతూ కుడి అరచెయ్యి కోసుకున్నారు. పెద్ద కట్టు కట్టారు. ఆ కట్టు ఉండగానే బ్యాంకు దొర ఒకాయన వచ్చి నిటారు దిబ్బలకి స్కీలడిగాడు. నొక్కి చూడటానికి చెయ్యి లేదు. బాబాయ్ అలగీత ఉన్న జతల్లో ఆ మనిషి పొడుగుకి తగ్గది తీసిచ్చారు. దూరం నుంచి కనిపించే ఎర్రగీత చాలనుకున్నారు, ఎప్పుడూ తను పెట్టిన గుర్తే కదా. నేను పక్కనే ఉన్నాను. సరైనదే అయ్యుంటుందిలే అనుకున్నాను. అది పందాలవాళ్ళ జత. దాన్ని వంచాలంటే గేదె నిలబడాలి.

జనవరిలో ఆ దొర చేతికర్రతో వచ్చాడు. మోకాలి చుట్టూ పట్టీ. మొదటి దిబ్బ మీదే పలక వంగక, ఎత్తి వెనక్కి విసిరిందట. జతని కౌంటరు మీద పెట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

కఫీల్ మా ఇద్దర్నీ పిలిచి, గీత మీద వేలు పెట్టి, "ఏ నిషాన్ కిస్‌కా?" అన్నారు, గుర్తు ఎవరిదని.

బాబాయ్ వంగి చూశారు. దానికి నాలుగు అలలున్నాయి. ఆయన చూపు గీత మీంచి నా మీదకి వచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ గీత మీదకి వెళ్ళింది.

"మేరా, సాబ్" అన్నారు.

"నొక్కి చూడలేదా?"

"లేదు సాబ్. తప్పయిపోయింది."

కఫీల్ ఆ జతని గోడకి ఆనించారు. తర్వాత, "ఖలాస్. లెబనాన్‌కి నువ్వొద్దు. ఈ అబ్బాయి వస్తాడు" అన్నారు.

ప్రతి చిన్నదానికీ జోకు వేయడానికి తెరుచుకునే నా నోరు నా దగ్గరే ఉంది. దాన్నెవరూ మూయలేదు. నేనే మూసుకుని నిలబడ్డాను.

సాయంత్రం గుదైబియాకి నడుస్తూ, "ఎందుకలా చెప్పారు బాబాయ్?" అన్నాను.

"చెప్పకపోతే నిన్ను ఇమానం ఎక్కించేత్తాడు. నీకు పోయేది ఉజ్జోగం. నాకు పోయింది మంచు. అదెలాగూ కరిగిపోయేదే." నాలుగడుగులు వేశాక ఆగారు. "అయినా నాలుగలలేంట్రా? ఆ కొసన చోటెక్కడుందని?"

ఆ రాత్రే స్వెట్టరూ కోతిటోపీ నా పెట్టెలో పెట్టారు. వాటి మీద పడవ పలకలు కొలిచే నూలుతాడు ఒక చుట్ట. "దిబ్బ నెత్తి మీంచి దిబ్బ నెత్తి మీదకి పట్టి ముడెయ్యి. అంతే నేనడిగేది."

లెబనాన్‌లో నా ఘనకార్యాలు పెద్దగా లేవు. మైనం రాశాను, వణికాను. నాలుగోరోజు తాడు తీసుకుని దిబ్బల వాలు మీదకి కాలినడకన ఎక్కాను. జారేవాళ్ళు మూడు భాషల్లో తిట్టారు. ఒక దిబ్బ మీద తాడు కొస బూటుతో తొక్కి, రెండోదాని మీద బోర్లా పడుకుని ముడి వేశాను. అలా అయిదు ముడులు పడ్డాయి. ఆరోదానికి కాలు జారి, మిగతా దిబ్బలన్నీ వీపుతో కొలుచుకుంటూ కిందికొచ్చాను. ఆ కొండ మీద నేను పెద్దగా నవ్వింది అప్పుడే. నవ్వుతుంటే, ఇక్కడ ఉండాల్సింది నేను కాదని గుర్తొచ్చింది. కోతిటోపీ కిందికి లాక్కున్నాను.

తిరిగొచ్చి తాడిస్తే బాబాయ్ మా ఫ్లాటు వరండా పొడుగునా పరిచారు. ముడికీ ముడికీ మధ్య తన అడుగులతో కొలిచారు. "నేననుకున్న దానికి జానెడు తక్కువ" అన్నారు. ఓడిపోయినట్టు కాదు, ఉత్తరం అందినట్టు. తర్వాత లుంగీ పైకి కట్టి, తాడు పక్కనే నడిచారు. ముడి వచ్చినప్పుడల్లా మోకాళ్ళు వంచి, దాటాక లేచి. అటునించి ఇటు, ఇటునించి అటు. పక్క ఫ్లాటు డ్రైవర్ భాయ్ తలుపు తీసి చూసి, ఏమీ అడక్కుండా తలుపేసుకున్నాడు. మర్నాడు గోడౌన్లో సంచులన్నీ జానెడు దగ్గరికి జరిగాయి.

నిరుడు మోకాళ్ళు అరిగాయని డాక్టరంటే ఆయన ఊరికెళ్ళిపోయారు. విమానాశ్రయంలో కూడా నేను కఫీల్‌కి చెప్తానని ఆయనతో అనలేదు. ఆయన అడగలేదు.

మంగళవారం ఫోను పెట్టేశాక, ఆ జత ఇంకా గోడౌన్లోనే ఉంటే తెచ్చి కఫీల్ బల్ల మీద పెట్టాను. బాబాయ్ పోయారని చెప్పాను. ఈ నాలుగలల గీత నాదని కూడా చెప్పాను. పంపేస్తారనే అనుకున్నాను. ఆయన ఆ జతని తన వైపు తిప్పుకుని గీత చూశారు. తర్వాత గ్లాసులో నీళ్ళతో చేతిరుమాలు తడిపి, తన చేత్తో ఆ గుర్తు తుడిచేశారు. సొరుగులోంచి ఎర్రసుద్ద తీసి నా చేతిలో పెట్టారు.

"ముందు నొక్కు" అన్నారు.

నొక్కాను. ఇసుమంతైనా వంగలేదు. తిన్నటి గీత గీశాను.

నిన్న పిన్ని పక్కింటి ఫోనుకి చేసి ఆమెని పిలిపించాను. తాడు సంగతి చెప్పబోతే ఆమే అందుకుంది. "దండెం కట్టేశాను బాబూ. ఇంటి నిండా చుట్టాలు, తడిబట్టలు బోలెడు, పాత దండెం తెగిపోయింది. నీకు చెప్పకుండా కట్టాను, ఏవనుకోకు."

"పర్లేదు పిన్నీ."

"ఆ ముడులేంటో గానీ బాగా పనికొచ్చినయ్. గాలెంత కొట్టినా బట్టలు ఓ పక్కకి జారిపోవట్లేదు."

ఏమేం ఆరేశావని అడిగాను. చుట్టాల చీరలు, తువ్వాళ్ళు, ఆయన చొక్కాలు రెండూ అంది. మైనం మరకలు ఎంత ఉతికినా పోలేదట. నీళ్ళు వాటి మీద నిలవక ఆ రెండూ అన్నిటికన్నా ముందే ఆరిపోయాయట. ఇంకా తియ్యలేదట, సముద్రపుగాలికి ముడికీ ముడికీ మధ్య లేచి పడుతున్నాయట.