హరిబాబు అల్లిన జానెడు వల

తవిటమ్మ ఎండు నెత్తళ్ల చేపల బుట్టతో లోపలికొచ్చిందంటే మా పోస్టాఫీసు సాయంత్రం దాకా కంపే. "బుట్ట బయట పెట్టు అత్తా" అని మొత్తుకున్నా వినేది కాదు. భావనపాడు బ్రాంచి పోస్టుమాస్టర్ని నేను, పేరు ఉష. ఆ ఊళ్లో నా మాట చెల్లేది స్టాంపుల మీదే.

ఆమె కొడుకు హరిబాబు సైన్యంలో ఉన్నాడు. ఈ వేసవిలో సరిహద్దున కాల్పులు మొదలవగానే వాళ్ల యూనిట్లో ఫోన్లు తీసేసుకున్నారు. ఇక మిగిలినవి ఉత్తరాలు. తవిటమ్మకు చదువు రాదు కాబట్టి వచ్చింది చదివేదీ, ఆమె చెప్పింది రాసేదీ నేనే.

మూడో ఉత్తరం వేరే చేతిరాతతో వచ్చింది. హరిబాబు కుడిచేతికి దెబ్బ తగిలిందట. ఆసుపత్రిలో ఉన్నాడట. సాలూరు నుంచి వెళ్లిన తోటి జవాను ధనరాజ్ రాసిపెడుతున్నాడట. "చిన్న దెబ్బే అమ్మా, కంగారు పడకు" అని ఉంది.

తవిటమ్మ ఏడవలేదు.

"సిన్నదని ఆడు సెప్తే నానెలా నమ్మీది? పడవ మీద పడి కాలిరిగిననాడూ సిన్నదే అన్నాడు గుంటడు. సేతికి ఏళ్లున్నాయో నేదో నాకు తెలియాల."

"అడిగితే ఉన్నాయనే రాయిస్తాడు కదత్తా."

"అదే మరి. ఒట్టి రాతలెందుకు?"

మర్నాడు వలదారం ఉండ, వల అల్లే వెదురు పుల్ల తెచ్చి పార్సిల్ చెయ్యమంది. జానెడు వల అల్లి పంపమని కొడుక్కి రాయించింది. ఒక చేత్తో వలకన్ను కొలిచి పట్టుకుని, రెండో చేత్తో దారం తిప్పి ముడి బిగించాలి. వేళ్లు లేకపోతే సాగే పని కాదు. ఆసుపత్రిలో ఉన్నవాడికి ఈ పరీక్షేమిటని నాకు ఒళ్లు మండింది. అయినా పంపాను.

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కావడంతో ఆమె భర్త అప్పలసూరి ఒడ్డునే ఉన్నాడు. ఇద్దరూ రోజూ వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. నేను తల అడ్డంగా ఊపగానే లేచి వెళ్లిపోయేవారు. నాకైతే టపా సంచి విప్పాలంటేనే భయం పట్టుకుంది.

చివరికి ఆ పార్సిల్ వచ్చింది. లోపల వలముక్క. మొదటి వరుసలు వంకరటింకర, ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో పసుపుపచ్చని మందు మరక. కింది వరుసలు కాస్త దారికొచ్చాయి. అప్పలసూరి దాన్ని వెలుతురుకు పట్టి ఒక్కో ముడీ లాగి చూశాడు.

"మన గుంటడి ముడే. నాను నేర్పిందే," అన్నాడు మెల్లగా. "సిటికినేలు పట్టు సాలక జారిపోతన్నాది. అయితేటి, అయిదూ ఉన్నాయే!"

తవిటమ్మ ఆ ముక్కను కళ్లకద్దుకుని బోరుమంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆ ముసలాయన మాత్రం గోడవైపు తిరిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నా బల్ల ముందు చతికిలబడింది.

"రాయమ్మా. ఏట్రా ఆ అల్లిక, సచ్చినోడా? ఆ కన్నుల్లోంచి సొర్రసేప కూడా ఎల్లిపోద్ది. ఇంకో ఉండ పంపుతన్నాను. ఈసారి మూరెడు అల్లు. సిటికినేలుతో గట్టిగా బిగించు."