మా వీధిలో ఒకే ఒక్క అమ్మకం

గుడివాడలో నా కొట్టు వెనక వీధిలోనే ఒక ఇల్లు చూసుకున్నాను. అది కొనాలంటే బందరులో మా ఇల్లు గజం ముప్పై వేలకు తగ్గకుండా పోవాలి. పోతుందా అంటే చెప్పేవాళ్లు లేరు. మా వీధి ఇళ్లు తాతల నుంచి మనవలకు వెళ్తాయి గానీ బేరానికి రావు. ఈమధ్య అమ్ముడైంది ఒక్క పక్కిల్లే. అమ్మినాయన మా తోడల్లుడు, మా ఆవిడ అక్క భర్త.

దస్తావేజు చూసి లాభం లేదు. అందులో రాసేది ప్రభుత్వ ధర. చేతులు మారింది ఎంతో అమ్మిన, కొన్న ఇద్దరికే తెలుసు. ముప్పై వేలు పలికిందని ఆయన పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పుకున్నాడు. ఆయన నోటిమాటే మీ వీధికి మార్కెట్టని బ్రోకరు తేల్చేశాడు.

ఆ ధర అబద్ధం కావాలని ఏడాదిగా కోరుకుంటున్నవాణ్ణి. ఇప్పుడు నిజం కావాల్సి వచ్చింది. కూర్చుని లెక్క వేశాను. ఆయనది రెండు రోడ్ల మూల. అందుకు కాస్త తగ్గించాను. మాది మెరక, వానాకాలం ఆయన గడప దాటి నీళ్లొచ్చినా మా మెట్టు తడవదు. అందుకు మనస్ఫూర్తిగా కలిపాను. ముప్పై రెండు తేలింది. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, త్రాసు మీద వేలు ఎక్కడ ఆనించాలో నాకు తెలియదా.

ముదినేపల్లి నుంచి చేపల చెరువులాయన వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, పక్కిల్లు ఎంతకు పోయిందని అడిగాడు. ఆయనకు కాఫీ అందిస్తూ మా ఆవిడే ముప్పై వేలని చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది.

"మా బావగారి బేరం అలా ఉంటుందండీ. ఈయన వల్ల ఎక్కడవుతుంది?"

నా ఒళ్లు భగ్గుమంది.

"ఆయన చెప్పుకోవడమే లెండి," అన్నాను. "పాతిక దాటి ఉండదు."

చెరువులాయన గ్లాసు కింద పెట్టాడు. "అయితే మీదీ పాతికే అనుకుందామండీ."

మెరక గురించి, సంపు గురించి ఎంత చెప్పినా ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఫోను చేసింది. కాసేపటికి తోడల్లుడి స్కూటరు వాకిట్లో ఆగింది. ఆయన నావైపు చూడనైనా చూడలేదు. చెరువులాయన పక్కన కూర్చుని చేప రేటు అడిగాడు, వాళ్ల ఊళ్లో తనకున్న చుట్టాల్ని తవ్వి తీశాడు, వరస కలిపేశాడు.

"మావయ్యా, నాది వానొస్తే మునిగే ఇల్లు. అయినా ముప్పైకి పోయింది. మా తమ్ముడిది మెరక. ముప్పై ఒకటికి తీసుకో, ఇంక మాట్లాడకు."

నేను అసూయకొద్దీ కూడబెట్టుకున్న మాటే. ఆయన నోట ఎంత హుందాగా ఉందో.

చెరువులాయన బయానా తీశాడు. మా ఆవిడ బావగారికి రెండో కాఫీ తెచ్చింది. గుడివాడ ఇల్లు నా చేతికి వచ్చినట్టే. ఆయన ఇంటికంటే మా ఇంటికి గజానికి వెయ్యి ఎక్కువే పలికింది కూడా. కానీ మా వీధిలో ఇప్పుడు అమ్మకాలు రెండు, రెండూ ఆయన చేసిన బేరాలే.