బెల్లం దించిన దుమ్ము

మా బావ వెంకటరామి తిండి సంగతి కురుగోడులో అందరికీ తెలుసు. పెళ్లి పంక్తిలో ఆయన పక్కన కూర్చోవడానికి జనం వెనకాడేవారు, వడ్డించేవాళ్లు ఆయన దగ్గరే ఆగిపోతారని. మైనింగ్ జోరందుకున్నాక కాలువ కింది మడిని కౌలుకిచ్చి, లారీ కొని, తనే నడిపేవాడు. కొండ మీద ఇనుప ఖనిజం నింపుకుని గూడ్సు బళ్లకెత్తే రైల్వే సైడింగ్‌లో పోసి రావడమే పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా ఆ దుమ్ముకు ఎర్రగా ఉండేవి.

లారీవాళ్లందరిదీ ఒకటే వైద్యం, బెల్లం. ట్రిప్పు దిగగానే నిమ్మకాయంత ముక్క నోట్లో వేసుకుంటే మింగిన దుమ్మునంతా అది పట్టుకుని కిందికి దించుతుందని నమ్మకం. నాది కిరాణా కొట్టు. మా బావకు మంచి బెల్లం ఏరి మరీ ఇచ్చేవాడిని.

2007లో ఆయనకు కడుపులో మంట మొదలైంది. రెండు ముద్దలకే పొట్ట నిండిపోయేది. బెల్లం ఎక్కువ చేశాడు. కొన్నాళ్లకు విరేచనం తారులా నల్లగా అవసాగింది. భయపడాల్సింది పోయి మా బావ సంబరపడ్డాడు.

"ఇనుము దిగుతాండాదప్పా. లోపలంతా కడిగినట్ల అయితాది చూడు," అన్నాడు.

నేనూ నవ్వాను. మా అక్క రామక్క కూడా మంచిదే అనుకుంది. అది నెత్తురని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. నాలుగక్షరాలు చదువుకున్న నాకైనా తట్టి ఉండాల్సింది. ఆ ఏడాదిని తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదకొండు నెలలకు లారీ దిగుతూ కళ్లు తిరిగి పడ్డాడు. బళ్ళారిలో నోట్లోంచి గొట్టం వేసి చూసి బెంగళూరు పంపారు. కడుపులో లింఫోమా అన్నారు, అదొక రకం క్యాన్సర్. పెద్ద డాక్టరు నన్నొక్కణ్ణే పిలిచి చెప్పాడు. ఈ జబ్బు మొదట్లోనే పట్టుబడితే చాలామంది మందులతోనే బతుకుతారట, కోత కూడా అక్కర్లేదట. మేం ఏడాది ఆలస్యం చేశాం, ఎముకల్లో మూలుగ దాకా పాకింది. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో పక్క మంచం గాళెప్పది. సిరుగుప్ప వైపు రైతు. ఆయనదీ అదే జబ్బు, అదే మందు. మందు ఎక్కించుకోవడానికి మూడు వారాలకోసారి ఇద్దరూ కలిసే రైలెక్కేవారు. జుట్టు ఊడిన తలలు చూసుకుని, తిరుపతి పోయొచ్చామని చెప్పుకుందామని నవ్వుకునేవారు. రెండో విడతకు మా బావకు ఆకలి పుట్టింది. అక్క ఆశపడింది, నేనూ ఆశపడ్డాను. నాలుగో విడత తర్వాత జ్వరం పట్టుకుని నెలల తరబడి వదల్లేదు. చివరి రోజుల్లో ఆయన్ని నేనొక్కణ్ణే ఎత్తి మంచం మార్చేవాడిని. గాళెప్ప మాత్రం ఆరు విడతలూ పూర్తి చేశాడు.

మా బావ పదకొండో రోజు దినానికి గాళెప్ప వచ్చాడు. తల నిండా కొత్త వెంట్రుకలు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. అక్క చాలాసేపు ఆయన్నే చూసి, ఆయన ముందే నన్ను అడిగింది.

"ఇద్దరిదీ ఒకటే రోగం కదప్పా. మనం ముందే పోయింటే మీ బావ బతికేటోడా?"

"పేరొకటే గానీ, ఈయనది వేరే రోగమక్కా," అన్నాను.

గాళెప్ప నా మొహంలోకి చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"అవునక్కా. నాది వేరే," అన్నాడు.

అక్క నమ్మింది. పదకొండు రోజులుగా కంట తడి పెట్టని మనిషి అప్పుడు గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను దగ్గరికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని ఓదార్చను?