బుల్లయ్య నెత్తురు ఆగని మధ్యాహ్నం

వినుకొండలో మందుల షాపు నడిపే కరీమున్ గుంటూరులో ఫార్మసీ చదువుకుంది. ఆఖరి ఏడాది ఆమె ప్రాజెక్టు నెత్తురు పలచబరిచే మందు మీద. ఆ బిళ్లలో మందు రెండు రూపాల్లో ఉంటుంది, కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాగా. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ రెండింటినీ పట్టుకుంటుంది, కానీ పట్టు సమానంగా ఉండదు. పట్టు తప్పిన ఆ కాస్త మందే ఒంట్లో పనిచేస్తుంది.

గుండెలో కవాటం మార్పించుకున్న బుల్లయ్య ఐదేళ్లుగా ఆ బిళ్లలు ఆమె దగ్గరే కొంటున్నాడు.

మార్చిలో మిరపకాయలు ఆరబోసే కల్లం హద్దు తగాదాలో తమ్ముడు వెంకయ్య పార కర్రతో అతని నుదుటి మీద కొట్టాడు. గట్టి దెబ్బేం కాదు. కానీ నెత్తురు ఆగలేదు. తువ్వాలు తడిసింది, చొక్కా తడిసింది, ఆసుపత్రికి చేరేసరికి చిగుళ్లలోంచి కూడా కారుతోంది. "పలచబరిచే మందు ఎక్కువైపోయింది, ఎవరిచ్చారు?" అని డాక్టరు అడిగిందే తడవు, కొడుకు శ్రీకృష్ణ బండెక్కాడు.

రాగానే ఇటుకతో షాపు అద్దం పగలగొట్టాడు.

"మా నాన్నని చంపుతున్నావే నువ్వు!"

కరీమున్ నోరు తెరిచేలోపే చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. జుట్టు పట్టి బల్లకేసి గుద్దాడు. పక్క కొట్టు వాళ్లు వచ్చి అతన్ని వెనక్కి లాగారు. కళ్లు బైర్లు కమ్ముతున్నా ఆమె అడిగింది ఒక్కటే.

"నా మందు మారలేదు. ఇంకేం మింగాడు మీ నాన్న?"

"మోకాళ్లకి... ఊళ్లో డాక్టరిచ్చిన నొప్పి బిళ్లలు. పది రోజుల్నించి."

కొంగుతో నోరు అదుముకుని ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో డాక్టరు ముందు నిలబడి గబగబా చెప్పింది.

"ఆ నొప్పి బిళ్ల ప్రోటీన్ దగ్గర మందు పట్టు తప్పిస్తుంది సార్. రెండు రూపాల్లో బలమైనదాన్ని కాలేయం అరగదీయకుండా కూడా అడ్డుకుంటుంది. అందుకే నెత్తురు ఇంత పలచబడిపోయింది."

డాక్టరు ఆమె మూతి వైపు ఒకసారి చూసి, విటమిన్ కె ఎక్కించమన్నాడు, ప్లాస్మా తెప్పించాడు. సాయంత్రానికి నెత్తురు నిలిచింది. బుల్లయ్య బతికాడు, కానీ కంటి లోపల చేరిన నెత్తురుకి ఎడమకన్ను పోయింది. వెంకయ్యని పోలీసులు తీసుకెళ్లారు. తనని కొట్టినందుకు శ్రీకృష్ణ మీద కరీమున్ కేసు పెట్టింది.

వారం తర్వాత బుల్లయ్య భార్య గురవమ్మ కొడుకుని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది.

"బుద్ధి తక్కువై చేశాడమ్మా. కేసు తీసెయ్యి తల్లీ."

కరీమున్ పెదవికి ఇంకా కుట్లున్నాయి. "బాబాయి బతికినందుకు సంతోషం, పిన్నీ. కానీ అది వేరు, నీ కొడుకు నన్ను కొట్టడం వేరు. కేసు తియ్యను," అంది. శ్రీకృష్ణ తల దించుకున్నాడు. ఆమె మాట మార్చలేదు.