సున్నపు నీళ్ళలో పోయిన ఎరుపు

ఆ డాక్టరు రాసిన పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. బైండు గట్టిది. చిత్రమూలం వేరుకు క్రిములను చంపే గుణం లేదని అందులో ఒక వాక్యం ఉంది. అది తప్పని రాసినవాడికి తెలుసు. నాకూ తెలుసు.

రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీస్తున్న ఆ ఏళ్ళలో నేను వేలూరులో అతని పరిశోధనశాలలో గాజు పళ్ళేలు కడిగేవాణ్ణి. వాటిలో చీములోని క్రిములను పెంచి, నడుమ చిన్న గుంట చేసి మందు పోసేవాళ్ళు. మందు పనిచేస్తే గుంట చుట్టూ క్రిములు లేని వలయం కనిపించేది.

గుడియాత్తంలో మా నాయన ఆ వేరు నూరి పుండ్లకు కట్టేవాడు. ఊళ్ళో ఆసుపత్రి వచ్చాక ఆయన దగ్గరికి జనం తగ్గారు. వేరు పరీక్షలో నెగ్గితే, మందు పనిచేస్తుందని కాగితం రాసిస్తానని డాక్టరు అన్నాడు. నాయన ఆ కాగితం మీద ఆశ పెట్టుకున్నాడు.

పుండుకు పచ్చి వేరునే వాడాలి. కడుపులోకి ఇచ్చేదాన్ని మాత్రం సున్నపు తేటలో నానబెట్టి, ఎర్రబడిన నీళ్ళు పారబోసి శుద్ధి చేస్తారు. నాయన డాక్టరు కోసం శుద్ధి చేసిన వేరునే మూట కట్టాడు.

"పచ్చిది తాకితే ఆయప్ప చేతులు బొబ్బలెక్కుతాయి రా. పెద్దోళ్ళకి ఇచ్చేది మర్యాదగా ఇయ్యాల."

డాక్టరూ తెలుగువాడే. మద్రాసు ఎవరికి చెందాలో పూటంతా వాదించేవాడు. వేరును ఏం చేసి తెచ్చావని మాత్రం ఒక్క మాట అడగలేదు.

వలయం రాలేదు.

"మీ నాయన మందు కంటే నువ్వు కడిగే నీళ్ళు మేలు గదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. ఉద్యోగం కోసం నేనూ నవ్వాను.

తరువాత పచ్చి వేరు తెచ్చి, అతని పద్ధతిలోనే స్పిరిట్‌లో నానబెట్టి పోశాను. పక్క గుంటలో ఉత్త స్పిరిట్ పోశాను. ఉత్త స్పిరిట్ చుట్టూ వలయం రాలేదు. వేరు చుట్టూ రూపాయి బిళ్ళంత వలయం. శుద్ధిలో ఆ ఎరుపుతోబాటు మందూ పోయిందని డాక్టరుకు చెప్పాను. అతను పళ్ళేన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఆ పుట అచ్చుకు పోయినాదప్పా. కడిగి పెట్టు."

కడిగాను.

ఆదివారం ఇంటికి వెళితే నాయన గడపలోనే అడిగాడు.

"కాగితం ఇచ్చినారా?"

"లేదు నాయనా. పచ్చి వేరుకు వలయం వచ్చినాది. నేను చూసినాను."

"యాడ ఉండాది?"

"కడిగేసినాను."

 ఆ తరువాత నాయన తాను చనిపోయేదాకా, పుండుతో ఎవరొచ్చినా ఆసుపత్రికి దారి చూపించాడు.